చలిరాత్రుల భోజనము

కార్తికము వెళ్ళి మార్గశిరము ప్రవేశించగానే మన యిండ్లలో సాయంకాలపు నడక మారును. ఆరు గంటలు కాకముందే ప్రొద్దు వ్రాలును. బడినుండి పిల్లలు, కచేరీలనుండి పెద్దలు చేతులు ముడుచుకొని యింటికి వత్తురు. తలుపులు మూయుదురు, రేడియో పెట్టుదురు. అప్పుడు అందరి మనస్సులలోను ఒకటే కోరిక: ఏదైనను వేడివేడిగా తినవలెనని. సంక్రాంతి అరిసెలను గూర్చియు, పండుగ పిండివంటలను గూర్చియు చెప్పువారు పలువురు కలరు. నేడు నేను మనవి చేయబోవునది పండుగ వంట కాదు. సోమవారము మొదలు శుక్రవారము వరకు, పగలెల్ల పనిచేసి అలసి వచ్చినవారు ఒక గంటలో సిద్ధము చేసికొనదగిన రాత్రి భోజనమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

‘మనది ఉష్ణదేశము గదా, ఇచ్చట చలి యెంత?’ అని కొందరు అనవచ్చును. ఆదిలాబాదు పల్లెలలోను, విశాఖ మన్యమునందలి లంబసింగిలోను ఉండువారు ఆ మాటకు నవ్వుదురు. సముద్రతీరమున చలి అంతగా లేని మాట నిజమే. అయినను సాయంకాలము అయిదు గంటలకు వార్చిన అన్నము తొమ్మిది గంటలకు ఎట్లుండునో మనకందరకు తెలియును. ఆ చల్లని అన్నము సాధారణముగా ఎవరి కంచములో పడునో అదియు తెలియును.

మా చిన్ననాట మా యింట పదిమందిమి. అమ్మ కట్టెల పొయ్యిమీద వంట చేసెడిది. మొదటి పంక్తిలో తాతగారు, నాన్నగారు. రెండవ పంక్తిలో పిల్లలము. అందరి తరువాత అమ్మ. మాకు ఆవిరులు చిమ్ము అన్నము. ఆమెకు గిన్నె అడుగున మిగిలినది. ఆ వయస్సున నాకు అందులో వింత యేదియు తోచలేదు. చాలకాలమునకు, 1988 డిసెంబరులో, అమ్మ నా యింటికి వచ్చి యుండెను. అప్పుడు నేను ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయుచుంటిని. ఒకనాడు యింటికి వచ్చుసరికి చాల ప్రొద్దుపోయెను. కూర, పప్పు, చారు అని వేరువేరుగా చేయుటకు వ్యవధి లేదు. పులగము పెట్టి, ఆ గిన్నెను తెచ్చి నడిమి గదిలో ఉంచి, అందరిని చుట్టును కూర్చుండుమంటిని.

‘మీరు తినండే, నేను తరువాత తింటాను’ అనెను అమ్మ.

‘వడ్డించడానికి ఏమీ లేదమ్మా, అన్నీ ఇక్కడే ఉన్నాయి’ అని చేయి పట్టుకొని కూర్చుండబెట్టితిని. ఆమె ముద్ద కలుపబోయి చటుక్కున చేయి వెనుకకు తీసికొనెను. ‘ఇంత వేడిగా ఎలా తింటారే!’ అని నవ్వెను. ఏబదియేండ్లు పదిమందికి వేడి అన్నము వడ్డించిన చేయి అది. నేను నవ్వలేకపోతిని.

ఆ రాత్రినుండి చలికాలపు వంటకు నాకు ఒక కొలత దొరికినది. వండినవారు కూడ అందరితోపాటు కూర్చుండి వేడిగా తినగలిగినదే మంచి రాత్రి భోజనము. ఎన్ని కూరలు చేసితిమనునది ఆ తరువాతి లెక్క. ఈ కొలతతో చూచినచో, మన తెలుగునాట ఒక్కొక్క సీమవారు ఎరిగియున్న వంటలలోనే వారమునకు సరిపడు ఉపాయములు కనబడును.

మొదటిది పైన చెప్పిన పులగమే. దీనినే కట్టెపొంగలి యని కొందరందురు. సార్వా కోతలు ముగిసి కొత్తబియ్యము యింటికి వచ్చు కాలమిది. కొత్తబియ్యపు అన్నము ముద్దయగునని గృహిణులు విసుగుకొందురు. పులగమునకు ఆ ముద్దయగుటయే గుణము. ఒక గ్లాసు బియ్యమునకు అర గ్లాసు పెసరపప్పు చాలును. పప్పును కమ్మని వాసన వచ్చువరకు వేయించి, బియ్యముతో కలిపి కడిగి, కుక్కరులో పెట్టవలెను. పాతబియ్యమైనచో అయిదు గ్లాసుల నీరు, కొత్తబియ్యమైనచో నాలుగు గ్లాసుల నీరు పోయవలెను. ఉడికిన తరువాత మిరియాలు, జీలకర్ర, అల్లపు ముక్కలు, కరివేపాకు నేతిలో వేయించి కలుపవలెను. మిరియాలను సగము చితుకగొట్టినచో ఘాటు అన్నమునకు పట్టును. పిల్లలు ఏరి పారవేయుటకును వీలుండదు.

కుక్కరు పొయ్యిమీద ఉన్న ఆ ఇరువది నిమిషములలో రెండవ పొయ్యిమీద ఒక పెద్ద వంకాయను కాల్చుకొనవచ్చును. చలికాలపు వంకాయకు ఉండు రుచి మరియొక ఋతువున లేదు. ముందు నాలుగు గాట్లు పెట్టి పురుగు లేదని చూచుకొని, నూనె రాచి కాల్చవలెను. తొక్క తీసి మెదిపి, చింతపండు రసము, పచ్చి ఉల్లిముక్కలు, పచ్చిమిరపకాయ, ఉప్పు, రవంత బెల్లము కలిపినచో పచ్చిపులుసు సిద్ధమగును. పులగము, పచ్చిపులుసు, ఒక అప్పడము. ఇంతకంటె అక్కరలేదు. పులగము చల్లారినకొలది గట్టిపడును గనుక, ఆలస్యముగా వచ్చువారి కొరకు కాసిని వేడినీళ్ళు పోసి కలిపి కాచి యిచ్చుట మరువరాదు.

రెండవ రాత్రికి కృష్ణా గుంటూరు సీమల ఉలవచారు. పూర్వము ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టెడివారు. ఆ ఉడికిన నీటిని పారబోయక కుంపటిమీద మరగించి చారు కాచుకొనిరి. పశువులకు గింజ, మనుష్యులకు రసము. ఇప్పుడు రెండును మనకే దక్కుచున్నవి. నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తు కలదు. కందిపప్పునకు ఇవి తీసిపోవు.

ఉదయము పనికి పోవునప్పుడు పావుకిలో ఉలవలను ఏరి, కడిగి, నానవేసి పోవలెను. సాయంకాలము వచ్చుసరికి అవి బాగుగా నానియుండును. ఎనిమిది గ్లాసుల నీటితో కుక్కరులో పెట్టి, ఆవిరి వచ్చిన పిదప అరగంటసేపు సన్ననిసెగపై ఉంచవలెను. నీటిని వడకట్టి, ఉడికిన ఉలవలు పిడికెడు మెత్తగా నూరి అందులో కలిపినచో చిక్కదనము వచ్చును. చింతపండు రసము, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, ఉప్పు, కారము వేసి మరగించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్రలతో పోపు పెట్టవలెను. మిగిలిన గింజలకు కొబ్బరికోరు కలిపి తాలింపు పెట్టినచో గుగ్గిళ్ళు సిద్ధము. వేడి అన్నములో చారు పోసికొని పైన చెమ్చాడు మీగడ వేసికొనుట ఆ సీమవారి మర్యాద. గంటల తరబడి కుంపటిమీద మరిగిన చారు రుచి దీనికి రాదని పెద్దలందురు. అది నిజమే. ఆ రుచిని ఆదివారమునకు ఉంచుకొందము.

యింట పాతకాలపు రాచిప్ప ఉన్నచో దానిని అటకమీదనుండి దింపుటకు ఇదియే తగిన కాలము. రాతి పాత్ర ఆలస్యముగా కాగును, ఆలస్యముగా చల్లారును. పొయ్యిమీదనుండి దించిన తరువాత కూడ చారు అందులో కొంతసేపు కుతకుతలాడును. మొదటినుండియు సన్ననిసెగనే పెట్టవలెను. ఒక్కసారి పెద్దమంట పెట్టినను, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోసినను రాయి పగులును.

మూడవ రాత్రికి తెలంగాణములోను రాయలసీమలోను చేయు సజ్జరొట్టె. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. అంతకు ఎన్నో తరముల ముందునుండియే మన పల్లెలలో భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టెలు కాలుచుండెను. సజ్జలలో చమురు హెచ్చు. అందువలన పిండి నిలువయున్నచో చేదెక్కును. పది దినములకు సరిపడునంత మాత్రమే విసరించుకొనవలెను. గోధుమపిండికి ఉండు జిగి దీనికి లేదు గనుక మరుగునీటితో తడిపి, చేయి పట్టునంత వేడిగా ఉండగనే బాగుగా మదించవలెను. తడిగుడ్డమీద గాని పీటమీద గాని చేతితో తట్టి పెనముమీద వేసి, పైన నీటితో తుడిచి, రెండు ప్రక్కల కాల్చవలెను. చిక్కుడుకాయ కూరలో నువ్వులపొడి చల్లి దీనితో తినినచో మరియొకటి కోరబుద్ధి పుట్టదు.

రొట్టెతో ఒక చిక్కు కలదు. కూర్చున్నవారికి ఒక్కొక్కటియే పొంగుచు వచ్చుచుండును. పెనమువద్ద నిలిచినవారు మాత్రము అందరి తరువాతనే తిందురు. మనము తప్పింపదలచినది దీనినే గదా! దీనికి రెండు ఉపాయములు. ఒకటి, కాల్చిన రొట్టెలను మెత్తని గుడ్డలో చుట్టి మూతగల డబ్బాలో ఉంచుట. పావుగంటసేపు అవి వేడిగా, మెత్తగా ఉండును. రెండవది, ఒకరు తట్టగా మరియొకరు కాల్చుట. మగవారు రొట్టె కాల్చరాదని యే శాస్త్రమునను లేదు.

నాలుగవ రాత్రికి రాయలసీమ సంకటి. రాగులను ఉత్తరాంధ్రమున చోళ్ళందురు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. బియ్యము మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండిని పైన కుప్పగా పోసి, కలుపక, మూతపెట్టి సన్ననిసెగపై పది నిమిషములుంచి, పిదప తెడ్డుతో ఉండలు కట్టకుండ ఎనపవలెను. తడిచేతితో ముద్దలు చేసి వేడిమీదనే వడ్డింపవలెను.

దీనికి చలికాలపు జోడు పితికిపప్పు. చిత్తూరు, అనంతపురము ప్రాంతముల సంతలలోనికి ఈ ఋతువున అనపకాయలు బస్తాలతో దిగును. కాయలు ఒలిచి, గింజలను కొన్ని గంటలు నీట నానవేసి, ఒక్కొక్క గింజను వ్రేళ్ళ నడుమ పితికినచో తోలు విడి పప్పు బయటికి దూకును. పెరుగువడియైన పనియే, ఒక్కరు చేసినచో విసుగు పుట్టును. కాని రేడియో వినుచు అయిదుగురు చుట్టును కూర్చున్నచో ఒక నాటకము ముగియులోగా గిన్నె నిండును. ముందటి రాత్రి ఒలిచి నానవేసి, మరునాటి సాయంకాలము పితికి, అల్లము, వెల్లుల్లి, కొబ్బరి, ధనియాలు నూరిన ముద్దతో ఉడికించుకొనవలెను. చిన్నపిల్లలకు ఈ పని ఆటవంటిది. వారు పితికిన పప్పు కూరలో ఉన్నదన్నచో మారు వడ్డన అడిగి తిందురు.

శుక్రవారపు రాత్రికి ఓపిక తక్కువ. అప్పటికి తెలంగాణపు సర్వపిండి. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు, కారము వేసి నీటితో ముద్దగా కలుపవలెను. అడుగు మందమైన గిన్నెకు లోపల నూనె రాచి, ముద్దను పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ చిల్లులు చేసి, వానిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్ననిసెగపై ఉంచవలెను. తిరుగవేయ నక్కరలేదు, దగ్గర నిలువనక్కరలేదు. కాలిన గిన్నెలో రెండవ ముద్దను వెంటనే అద్దుటకు చేయి పట్టదు గనుక రెండు గిన్నెలను ఒక్కసారే పొయ్యి ఎక్కించుట తెలివి. యింట ఎవరికైనను జలుబు చేసియున్నచో ప్రక్కన మిరియాల చారు కాచి యిండు. అది రోగమును కుదుర్చు మందు కాదు. కాని ఆ వేడికి గొంతు హాయిపడును.

ఒక హెచ్చరిక. చలికాలమే గదా యని వండిన అన్నమును రాత్రియంతయు బయట ఉంచి మరునాడు వేడిచేసి తినుట మంచిది కాదు. కొన్ని సూక్ష్మజీవులు అందులో పెరిగి విషపదార్థమును పుట్టించును. మరల కాచినను అది పోదు. మిగిలినదానిని ఆలస్యము చేయక చల్లబరచి రిఫ్రిజిరేటరులో పెట్టి, మరునాడు ఒక్కసారి మాత్రమే పొగలు వచ్చునట్లు కాచుకొనవలెను.

ఈ అయిదింటిలో దేనికిని ఖరీదైన వస్తువులు అక్కరలేదు. కొంత పని ఉదయమునకు, కొంత పని తక్కినవారి చేతులకు అప్పగించుటయే ఇందలి రహస్యము. వంట అయిన తరువాత పొయ్యి ఆర్పి, గిన్నెలన్నియు నడుమకు తెచ్చి, అందరును ఒక్కసారే కూర్చుండవలెను. వడ్డన ఎవరికి వారు చేసికొనవచ్చును.

మా అమ్మ ఆ చలికాలమంతయు మాతోనే కూర్చుండి భోజనము చేసెను. మొదటి వారమున ముద్దను కంచములో చాలసేపు ఆరబెట్టుకొనుచుండెను. సంక్రాంతి వచ్చుసరికి, ‘అన్నం చల్లారిపోతోంది, రారేమే!’ అని ఆమెయే మమ్ములను పిలుచుచుండెను. ఈ రాత్రి మీ యింట భోజనమునకు కూర్చున్నప్పుడు, దయచేసి ఒక్కసారి కంచములన్నింటి వంక చూడుడు. ఏ కంచమైనను ఇంకను బోర్లించియే యున్నచో, మొదటి ముద్ద తీసికొనక ముందే ఆ కంచము వారిని పిలువుడు.