ఆకాశమునకు విడుచు బుడగలు



శుభసమయమున ఏదో ఒక వస్తువును పైకెత్తుట మనకు పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. కార్తికమాసమున దేవాలయపు ధ్వజస్తంభమునకు ఆకాశదీపమును ఎత్తుదుము. గణతంత్రదినమున జెండాను ఎగురవేయుదుము. ఈ రెండింటికిని త్రాడున్నది. దీపమును దించి, తుడిచి, మరల నూనె పోయుదుము. జెండాను దించి, మడిచి, భద్రపఱచుదుము. ఎత్తినవారే దించుట నియమము.

ఇటీవల మన యూళ్లలో త్రాడులేని వేడుక యొకటి బయలుదేరినది. పాఠశాల వార్షికోత్సవమైనను, ఆటలపోటీలైనను, దుకాణపు ప్రారంభమైనను, ముఖ్య అతిథి చేతికి రంగురంగుల గాలిబుడగల గుత్తి నిచ్చి ఆకసమునకు విడువుమని కోరుచున్నారు. పిల్లలు బూరలనియు, బెలూన్లనియు పిలుచునవి యివియే. బుడగలు చుక్కలై కనుమఱుగగును. జనులు చప్పట్లు కొట్టి యిండ్లకు పోవుదురు. పిమ్మట ఆ బుడగ లేమగును? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

బుడగ తేలుటకు గాలికంటె తేలికయైన వాయువు కావలెను. హైడ్రోజను చవుక, కాని నిప్పురవ్వ సోకిన భగ్గున మండును. పిల్లలు గుమిగూడినచోట దాని నుంచుట క్షేమము గాదు. రెండవది హీలియము, అది మండదు. దాని చరిత్రలో మన తెలుగునేలకును పాలున్నది. 1868 ఆగష్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విభజించి పరీక్షించెను. ఆ యేడే ఇంగ్లండులో లాకియరు అట్టి కాంతిలోని ఒక పసుపు గీత అంతవఱకు తెలిసిన మూలపదార్థములలో దేనిదియు గాదని గ్రహించెను. గ్రీకుభాషలో సూర్యునికి గల పేరునుబట్టి దానికి హీలియమను పేరు కలిగెను. భూమిపై దానిని 1895లో రాంసే కనుగొనెను. శిలల గర్భమున యుగములకొలది మెల్లగా పుట్టు ఈ వాయువు ఒకసారి ఆకసమున కలిసిన మరల మన చేతికి రాదు. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను చల్లబఱచుటకు ఇది యవసరము. అట్టి దానిని నిమిషపు వేడుకకు వ్యయపఱచుట వీథిలో నేయి పాఱబోయుట వంటిది.

ఇక బుడగ మాట. పైకి పోయినకొలది చుట్టునున్న గాలి యొత్తిడి తగ్గును. లోని వాయువు వ్యాకోచించి బుడగ పగులును. కొన్ని పగులకయే, వాయువు కారిపోయి, మెత్తబడి దిగును. ఎట్లైనను రబ్బరుతోలును దారమును నేలకే వచ్చును. చెట్టుపాలతో చేసినది గనుక మట్టిలో కలిసిపోవునని అమ్మువారు చెప్పుదురు. ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇట్టి బుడగలను మంచినీటను, ఉప్పునీటను, ఎరువుకుప్పలోను 16 వారములుంచి చూచిరి. అవి చాలవఱకు తమ రూపమును నిలుపుకొనియే యుండెను. చెట్టుపాలు బుడగ యగులోపల దానికి గంధకమును, రంగులును, మఱికొన్ని రసాయనములును చేరును.

కొత్తవలస సముద్రతీరము గాదు, మనకేమి యని అనుకొనరాదు. గోస్తనీనది అనంతగిరి కొండలలో పుట్టి, జామి మీదుగా పాఱి, భీమునిపట్టణమునొద్ద సముద్రమున కలియును. వానకాలమున గెడ్డలు మోసుకొనిపోవు చెత్త నదికి, నదినుండి సముద్రమునకు చేరును. ఉత్తరాంధ్ర తీరపు టిసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటేట వచ్చి గ్రుడ్లు పెట్టును. 1972నాటి వన్యప్రాణి రక్షణచట్టము వానిని కాపాడుచున్నది. జెల్లీచేపలు వాని యాహారములలో నొకటి. పగిలి నీట తేలు బుడగ, దానినుండి వ్రేలాడు దారము, చూచుటకు జెల్లీచేపవలెనే యుండును. తాబేలు దానిని మ్రింగిన ప్రేగులలో అడ్డుపడును. 2019లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చనిపోయిన 1,733 సముద్రపక్షులను పరీక్షించి వ్రాసిన దేమనగా, గట్టి ప్లాస్టిక్కు ముక్కకంటె బుడగముక్క పక్షి ప్రాణము తీయుటకు 32 రెట్లు ఎక్కువ అవకాశము కలదని. గట్టిముక్క జారిపోవచ్చును, మెత్తనిది లోపల పట్టుకొనును. ఇక మన పసులు గడ్డితోపాటు దొరికినదెల్ల మ్రింగునని మీకు నేను చెప్పనక్కఱలేదు.

మన యూరికి మఱియొక ప్రమాదమును గలదు. కొత్తవలస కిరండూలు రైలుమార్గమునకు మొదలు. ఆ దారిపై తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. తళతళలాడు లోహపుపూత గల బుడగ అట్టి తీగల నంటిన విద్యుత్తు దారి తప్పి మంటలు రేగవచ్చును. ఇందుచేతనే కాలిఫోర్నియాలో 1990లో, ఇట్టి బుడగలను బరువు కట్టియే అమ్మవలెనని చట్టము చేసిరి.

ఒక్క గుత్తితో ఏమగునని యందురేమో. గుత్తులు పెక్కులైన ఏమగునో వినుడు. 1986 సెప్టెంబరు 27వ తేదీని అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ధర్మనిధి కొఱకు ఇంచుమించు 15 లక్షల బుడగలను ఒక్కమాఱు విడిచిరి. వానగాలి యెదురై వానిని క్రిందికి త్రోసెను. విమానముల దారి యొకటి కొంతసేపు మూతపడెను. దాపుననే యున్న ఈరీ సరస్సు నీటిపై బుడగలు పఱచుకొనెను. ఆ సరస్సున తప్పిపోయిన ఇద్దఱు జాలరులను వెదకువారికి, తేలుచున్నవి మనుష్యుల తలలో బుడగలో తెలియకపోయెను. ఆ యిద్దఱును మరణించిరి. బుడగలే వారిని చంపెనని నేననను. వెదకు కన్నులకు అడ్డుపడెను.

మన కేంద్రప్రభుత్వము 2022 జులై 1వ తేదీనుండి బుడగలకు కట్టు ప్లాస్టిక్కు పుల్లలను నిషేధించినది. ఆ పట్టికలో పుల్ల యున్నది గాని బుడగ లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున 2024 జులై 1వ తేదీనుండి, బుద్ధిపూర్వకముగ బుడగలను ఆకసమునకు విడుచుటయే నిషిద్ధము. మన పల్లెలలో అట్టి చట్టము వచ్చువఱకు పెద్దల మాటయే చట్టము.

పెద్దలారా, గుత్తిని అందించునది మీ చేతికే. పిలిచి తెచ్చిన అతిథితో ఈ వేడుక వద్దని చెప్పుటకు పాఠశాల ఉపాధ్యాయునికి నోరాడదు. మీరు చెప్పగలరు. పిల్లల సంతోషమును మాన్పవలదు. నోటితో ఊదిన బుడగలను పందిరికి కట్టనిండు. సభ ముగిసిన పిమ్మట ఆ పిల్లలచేతనే లెక్కపెట్టి విప్పించుడు. అతిథిచేత బడి యావరణలో ఒక వేపమొక్కనో, కానుగమొక్కనో నాటింపుడు. మఱుసటి యేడు అదెంత యెదిగినదో ఆయనయే వచ్చి చూచుకొనును. రాబోవు ఉత్సవమునకు ఆహ్వానపత్రిక వచ్చిననాడే ఈ మాట కబురంపుడు; వేదికపై చెప్పువఱకు ఆగవలదు.