బాలింతకు నీళ్ళు ఇవ్వండి
(సంఘ సభలో చేసిన ప్రసంగం)



తల వెనుక అడుగున ఉండే చిన్నమెదడే మనల్ని నడకలో తూలకుండా కాపాడేది. దాని సిరల్లోని రక్తం పుర్రె లోపలి కాల్వల్లో చేరి, మెడ సిరల గుండా గుండెకు దిగుతుంది. తమ్మిలేరు కొల్లేట్లో కలిసి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయినట్లే. ఉప్పుటేరు పూడితే లంకగ్రామాలు మునుగుతాయి; ఆ కాల్వల్లో రక్తం గడ్డకడితే మెదడు వాస్తుంది.

కాన్పయ్యాక 6 వారాల దాకా రక్తం తేలికగా గడ్డకడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే మరీను. కనుక బాలింతకు నీళ్ళు పడవంటూ నోరు ఎండగట్టకండి. కాచి చల్లార్చిన నీళ్ళు దాహం తీరా ఇవ్వండి. విడవని తలనొప్పి, వాంతులు, మూర్ఛ, తూలుడు కనిపిస్తే దిష్టి అనుకోక, ఏలూరుకో తాడేపల్లిగూడేనికో, పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపోండి. రక్తం గడ్డకట్టనివ్వని మందు వేళకు పడితే చాలామంది కోలుకుంటారు.