సూర్యశక్తికి తగిన ఇన్వర్టరు
(రాజయ్యపేట రైతుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరమును తాకినప్పుడు స్తంభములు కూలి ఎన్నో గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. కావున తోట మకాములందు సూర్యఫలకములు పెట్టుకొన దలచుట మంచిదే. అయితే ఫలకములను, బాటరీని పరీక్షించి కొను రైతు, ఇన్వర్టరు దగ్గర మాత్రము పెట్టెమీది అంకెను చూచియే తృప్తిపడుట కద్దు. నష్టము అక్కడనే వచ్చును.

బాటరీలోని విద్యుత్తును ఇంటి సామానుకు పనికివచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చుటయే ఇన్వర్టరు పని. దీని నెన్నుకొనునప్పుడు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. వాడకము: 9 వాట్ల బల్బులు నాలుగు, 75 వాట్ల పంకాలు రెండు, 60 వాట్ల టీవీ ఒకటి కలిసి 246 వాట్లగును. పెట్టెమీద వోల్టాంపియర్లు వ్రాసియుండిన అవి వాట్లని భ్రమపడరాదు. సాధారణముగా 500 వోల్టాంపియర్లకు 400 వాట్లే వచ్చును.

2. మోటారు: బండిని కదల్చుటకు ఎడ్లు పడు ప్రయాస, కదిలిన తరువాత ఉండదు గదా! అర హెచ్.పి. మోటారు నడుచునప్పుడు సుమారు 550 వాట్లు తీసికొనును. బయలుదేరు క్షణమున అయిదు రెట్లు, అంతకు మించియు అడుగవచ్చును. ఇన్వర్టరు 2,700 వాట్లకు పైగా కొన్ని క్షణములైన భరింపగలదా యని విచారింపుడు. లేనిచో పంపునకు వేరుగా సోలారు పంపు కంట్రోలరు పెట్టుట మేలు.

3. తరంగము: శుద్ధ సైను తరంగ మిచ్చు ఇన్వర్టరునే కొనుడు. చతురస్ర తరంగముపై మోటారు వేడెక్కును, పంకా రొద చేయును.

4. వోల్టులు: 1,000 వాట్లకు 12 వోల్టుల బాటరీనుండి 83 ఆంపియర్లు లాగవలెను, 48 వోల్టులైన 21 చాలును. పెద్ద వాడకమునకు ఎక్కువ వోల్టుల బాటరీ వరుస, పొట్టి లావుపాటి తీగలు, ఫ్యూజు అవసరము.

5. రకము: బాటరీ లేక గ్రిడ్డుకు మాత్రమే కలుపు ఇన్వర్టరు, లైనుపై పనిచేయువారి ప్రాణరక్షణకై, కరెంటు పోగానే తానును ఆగిపోవును. తుఫాను రాత్రి అది అక్కరకు రాదు.

6. ఉప్పుగాలి: సముద్రపు టొడ్డున ఇనుము, రాగి త్వరగా చెడును. ఇన్వర్టరును ఉప్పుగాలి నేరుగా తగులని, గాలి ఆడు గదిలో పెట్టుడు. బాటరీ కొనలకు వాజలీను పూయుచుండుడు.

అంగడికి పోవుటకు ముందే మీ సామాను, వాట్లు కాగితముపై వ్రాసికొనుడు. మీ మోటారును దానిపై ఎదుటనే త్రిప్పించి, పూచీకాగితము పుచ్చుకొని, అప్పుడు డబ్బు చెల్లించుడు.