కొత్త పంట, ఒకే పంక్తి
(కోతపండుగ కూడికలో చేసిన ప్రసంగము)



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మన సంఘాలలో కోతపండుగ ఎట్లా జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. ధాన్యపు బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు బలిపీఠము ఎదుటకు వస్తాయి. ఆరాధన కాగానే వేలంపాట. ఎవరెంతకు పాడారన్నదే సాయంత్రం వరకు ముచ్చట.

గోదావరి మన్యంలో కోయలు, కొండరెడ్లు కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరు. మామిడికాయకైనా అదే కట్టుబాటు. ముందు దేవతకు, తరువాత ఊరందరూ కలిసి తినాలి. వానలకు ముందు భూమిపండుగ వస్తుంది. కోయలు దానిని విజ్జ పండుం అంటారు. ఇంటింటి విత్తనాలు ఒకచోట చేర్చి, మ్రొక్కి, కలిపి, తిరిగి పంచుకుంటారు. లేనివాని గుప్పెడు, ఉన్నవాని గుప్పెడు ఒకటైపోతాయి. విత్తే నాటికి ప్రతి చేనిలోను పొరుగువాని గింజ ఉంటుంది.

వారి దేవతను మనము కొలువము. అయితే వారి కట్టుబాటును చూచి నవ్వే అర్హత మనకున్నదా? 1986లో బాపట్ల నుండి విడుదలైన బి.పి.టి. 5204 వరి ఎన్నో రాష్ట్రాలకు అన్నం పెట్టింది. అది మనకు గర్వకారణమే. కాని మన విత్తనము సంచిలో వస్తుంది. ఎవరి డబ్బు వారిది, ఎవరి చేను వారిది.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము చూడండి. ప్రథమఫలము తెచ్చినవాడు లేవీయునితోను, పరదేశితోను కలిసి సంతోషించాలని ఆజ్ఞ. మన మధ్యనే పుట్టి పరదేశివలె బ్రతుకుతున్నది ఎవరు? కాలువకట్ట మీది యానాదులు. గట్లలో ఎలుకలు పట్టి మన పంట కాపాడినవారు.

నా తప్పు ఒప్పుకుంటాను. రేపల్లె దగ్గర ఒక పల్లెలో, నా పరిచర్య తొలి సంవత్సరం, ప్రేమవిందు వేళ ఒక యానాది కుటుంబము పందిరి బయట నిలుచున్నది. "అందరూ తిన్నాక వాళ్ళకు పెట్టండి" అన్నాను. అదే దయ అనుకున్నాను. ఒక ముసలమ్మ విస్తరి ముందునుండి లేచి, "వాళ్ళు కూర్చుంటేగాని నేను ముద్ద ముట్టను అయ్యగారూ" అన్నది. అక్షరం ముక్క రాని ఆమె, వేదాంత కళాశాలలో నాకు పట్టుబడని పాఠము నేర్పింది.

ఒకడు ఆకలితో ఉండగా మరొకడు కడుపు నింపుకున్నందుకే గదా పౌలు కొరింథు సంఘాన్ని గద్దించాడు!

కాబట్టి ఈ శతవార్షిక సంవత్సరపు కోతపండుగలో వేలంపాటకు ముందు పంక్తి వేయండి. కట్ట మీదికి మనిషిని పంపి పిలువండి. వారు వచ్చి మన ప్రక్కన కూర్చున్న తరువాతనే భోజన ప్రార్థన చేయుదము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.