ఉద్యోగమిచ్చేవారి అమానతు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్త (స)పై శాంతి శుభాలు కురియుగాక.

సోదరులారా! చేవెళ్ల, మొయినాబాద్‌లలో డిగ్రీలు పూర్తిచేసిన మన పిల్లలు నగరంలోని కంపెనీలకు దరఖాస్తులు పంపుతున్నారు. అనేక సంస్థలలో మనిషికంటే ముందు కంప్యూటరే వాటిని వడపోస్తున్నది. తిరస్కారానికి కారణం చెప్పేవారుండరు.

యంత్రానికి ద్వేషం లేదు. మనిషి నేర్పినదే అది నేర్చుకుంటుంది. అమెజాన్ తయారుచేసిన అటువంటి యంత్రం, పూర్వం అధికంగా పురుషులే పంపిన దరఖాస్తులను చూసి నేర్చుకొని, స్త్రీలను తక్కువచేసిందని 2018లో వెల్లడైంది. మన దేశంలో, సమాన అర్హతలున్నా ముస్లిం పేరుగల దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయని థోరాట్, అటెవెల్‌ల 2007 నాటి అధ్యయనం చూపింది. ఈ పాత తీర్పులే పాఠాలైతే యంత్రం నేర్చుకొనేదేమిటి?

రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో మతవివక్షను నిషేధించింది. ప్రైవేటు సంస్థలన్నింటికీ వర్తించే అటువంటి చట్టం లేదు. కనుక పిల్లలారా, నిరాశపడకండి. కారణం అడగండి, మనిషిచేత పునఃపరిశీలన కోరండి.

మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకొమ్మని కోరిననాడు చెప్పబడిన అర్హతలు రెండే: బలం, నమ్మకం. ఆ కొలత మనకూ వర్తిస్తుంది. మన దుకాణానికి పని అడగవచ్చినవాణ్ణి కులమో మతమో చూసి పంపివేస్తే, ఆ యంత్రానికి పాఠం చెప్పినవారిలో మనమూ ఉన్నట్లే. తీర్పుదినాన లెక్క చెప్పవలసినది యంత్రం కాదు, మనిషి.

అల్లాహ్ మనకు న్యాయంగా నడుచుకొనే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.