నారింజపండు మొదలు గుళికదాక



తరిగిన వంకాయముక్కలను నీళ్ళలో వేయక పళ్ళెములో వదలినచో కొంతసేపటికే నల్లబడుటయు, వానిపై నిమ్మరసము పిండినచో చాలసేపు తెల్లగానే నిలుచుటయు వంటయింట ఎల్లరును చూచునదే. గాలిలోని ఆక్సిజన్ తాకిడిచే జరుగు ఈ మార్పు ఆక్సీకరణము. దానిని అడ్డగించు ద్రవ్యములు యాంటీ ఆక్సిడెంట్లు. నేడు మందులదుకాణపు అలమారలలో సీసాలకెక్కి కూర్చున్న విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటీన్ అనునవి ఈ కోవలోనివే. ఇవి పండ్లలోనుండి, కూరలలోనుండి సీసాలోనికి వచ్చిన దారి చాల వంకరయైనది.

1747వ సంవత్సరము మే నెలలో, సాలిస్‌బరీ యను ఆంగ్లేయుల యుద్ధనౌకమీద, చిగుళ్ళు కుళ్ళి, ఒంటిమీద మచ్చలు లేచి, మోకాళ్ళలో సత్తువ యుడిగిన 12 మంది స్కర్వీ రోగులను జేమ్స్ లిండ్ అను వైద్యుడు ఇద్దరిద్దరిగా విడదీసి, అందరికిని ఒకే భోజనము పెట్టించుచు, ఒక జంటకు ఆపిలు పండ్ల పులిసిన రసమును, ఒక జంటకు నీటిలో కలిపిన గంధకామ్లమును, మరియొక జంటకు వెనిగరును, వేరొక జంటకు వెల్లుల్లియు ఆవాలును చేర్చిన లేహ్యమును, పాపము ఒక జంటకు ఉట్టి సముద్రపు నీటిని, కడపటి జంటకు దినమునకు రెండు నారింజలను ఒక నిమ్మపండును ఇప్పించెను. పండ్లు ఆరుదినములకే నిండుకొన్నవి. అయినను అవి తిన్న ఇద్దరిలో ఒకడు అప్పటికే లేచి పనిలో ప్రవేశించెను. ఇంత స్పష్టముగా కంటికి కనబడిన సంగతిని నౌకాధికారులు తలకెక్కించుకొని నావికులకు నిమ్మరసము నియమముగా ఇప్పించుట 1795లో గాని జరుగలేదు. లిండ్ అంతకు ముందటి యేడే కాలధర్మము నొందెను.

పండులోని ఆ గుణమేదో తేల్చుటకు మరి 130 ఏండ్లకుపైగా పట్టినది. హంగరీ దేశస్థుడైన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ, కోసిన కాయలు కొన్ని నల్లబడుటయు కొన్ని నల్లబడకుండుటయు ఏలయని విచారించుచు, 1928లో కేంబ్రిడ్జిలో, పశువుల మూత్రపిండములపైనుండు గ్రంథులనుండి ఒక తెల్లని స్ఫటికద్రవ్యమును వేరుచేసెను. అదియే విటమిన్ సి యని కొన్నియేండ్లకు తేలినది గాని, పరిశోధనకు చాలినంత దొరకుటయే గగనమాయెను. అప్పుడాయన సెగెడ్ నగరములో నుండెను. ఆ ప్రాంతము పాప్రికా మిరపకు ప్రసిద్ధి. అది మన గుంటూరు మిరప జాతిదే, కారము మాత్రము తక్కువ. ఒకనాటి రాత్రి భార్య ఆ మిరపకాయ వడ్డింపగా, తినబుద్ధి పుట్టక, ఆ మాట ఆమెతో అనలేక, దీనిని ఇంతవరకు పరీక్షింపలేదుగదా యని సాకుపెట్టుకొని ప్రయోగశాలకు పట్టుకొనిపోయితినని ఆయనయే చెప్పుకొనెను. అర్ధరాత్రమగునప్పటికి విటమిన్ సి నిక్షేపము చేజిక్కినది; అంతవరకు గ్రాములలో నున్న లెక్క కిలోలలోనికి మారినది. 1937లో నోబెల్ బహుమానము వచ్చినది. భార్యలకు జడియుటవలన శాస్త్రమునకు కలిగిన లాభములలో ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయము.

ఇంతవరకు కథ ఒక లోపమును, దానిని తీర్చు ఆహారమును గూర్చినది. 1956లో డెన్హమ్ హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని మలుపు త్రిప్పెను. మనము తిన్న అన్నము దేహకణములలో ఆక్సిజనుతో కలిసి శక్తినిచ్చునప్పుడు, జతలేని ఎలక్ట్రాను గల అణుశకలములు కొన్ని పుట్టి, ప్రక్కనున్న అణువులనుండి ఎలక్ట్రానును గుంజుకొని, క్రొవ్వులను, వంశబీజములను సయితము చెరచుననియు, వార్ధక్యమనునది ఈ చెరుపు పోగుపడుటయే ననియు ఆయన వాదము. ఇట్టి శకలములను అణచు ఎంజైము మన శరీరముననే యున్నదని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ నిరూపించిన పిమ్మట ఆ వాదమునకు బలము చేకూరెను. మరుసటియేడు లైనస్ పౌలింగ్, రెండు నోబెల్ బహుమానములు పొందిన మహనీయుడు, విటమిన్ సి మెండుగా సేవించిన జలుబు దరిచేరదని గ్రంథము వ్రాయగా, జనులు గుళికలకై ఎగబడిరి. పేరున్నవాని మాటకు పరీక్ష అక్కరలేదనుకొనుట ఒక్క అమెరికావారి బలహీనతయే కాదు.

ఈ కోవలోని మరి రెండు ద్రవ్యములకు పెద్ద పరీక్ష జరిగినది ఫిన్లండులో. కూరలు, పండ్లు అధికముగా తినువారిలో, రక్తమున బీటా కెరోటీన్ హెచ్చుగా నున్నవారిలో క్యాన్సరు తక్కువగా కనబడుటచే, 1985 మొదలుకొని 50 నుండి 69 ఏండ్ల వయసుగల 29,133 మంది పొగత్రాగు పురుషులకు కొందరికి బీటా కెరోటీనును, కొందరికి విటమిన్ ఇ ని, కొందరికి రెండును, మిగిలినవారికి ఉత్తుత్తి గుళికలను ఏండ్ల తరబడి ఇచ్చిరి. 1994లో ఫలితము వెలువడినది: బీటా కెరోటీన్ తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా నూటికి 18 వంతులు పెరిగినది! ఇట్టిదే అమెరికాలో జరుగుచున్న మరియొక పరీక్షయు అదే కీడును చూపుటచే 1996 జనవరిలో, గడువునకు 21 నెలలు ముందుగా, నిలిపివేయబడినది.

కారణములు లేకపోలేదు. కూరలు తినువారు తరచు పొగ తక్కువ త్రాగువారు, ఒళ్ళు జాగ్రత్తగా చూచుకొనువారు. ఆ మేలంతయు ఒక్క ద్రవ్యమునకు కట్టబెట్టుట లెక్కతప్పు. పొగతో నిండిన ఊపిరితిత్తులలో మోతాదు మించిన కెరోటీన్ తానే చెరుపునకు తోడగునని కొందరందురు. అదియునుగాక, మనము శత్రువులనుకొను ఆ శకలములతోనే మన తెల్లరక్తకణములు క్రిములను చంపుచున్నవి.

ఇక గుళికలను విడిచి కాయలనే చూతము. 1918లో కూనూరులో మొలకెత్తి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలలో నూరు గ్రాముల నారింజయందు విటమిన్ సి 30 మిల్లీగ్రాములు, ఉసిరికయందు 600 మిల్లీగ్రాములని యుండెను. కార్తికమాసపు వనభోజనములో పచ్చడిగా నంజుకొను కాయ ఒకటి రెండు దినముల అవసరమును తీర్చగలదు. స్కర్వీ రాకుండుటకు అంతకన్న వలసినది లేదు.

అట్లని గుళికలన్నియు వ్యర్థములని కొట్టివేయుటయు సరికాదు. ముసలితనమున కంటిలోని మాక్యులా చెడిపోవు జబ్బు కొంత ముదిరినవారికి, విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటీన్ అనువానిని జింకుతో చేర్చి ఇచ్చినచో చూపుకు వాటిల్లు ముప్పు కొంతవరకు తగ్గునని 2001లో అమెరికా నేత్రపరిశోధకులు కనుగొనిరి. ఆ మిశ్రమమును 2013లో మరల పరీక్షించి, ఫిన్లండు అనుభవమును మరువనివారై, బీటా కెరోటీనును తొలగించి, ఆకుకూరలలో నుండు లూటీన్, జియాజాంతిన్ అను వర్ణద్రవ్యములను దాని స్థానమున చేర్చిరి.