తాపీ పట్టిన చెయ్యి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట ఇల్లు కట్టించేవారి అవస్థ గురించి. ఎండలో నిలబడి ఇటుక మీద ఇటుక పేర్చేవాడి సంగతి అందులో లేదు. మా నాన్న తాపీ మేస్త్రి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇవాళ ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి.

మాది మాచర్ల ప్రాంతం. తాత సున్నం పనివాడు. మా పల్నాడులో పిడుగురాళ్ళ సున్నానికి పేరుపడ్డ ఊరని మీకు తెలిసే ఉంటుంది. కాల్చిన సున్నాన్ని నీళ్ళుపోసి చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. నాన్న చిన్నతనమంతా ఆ గానుగ ఎద్దుల వెనకే గడిచింది. సున్నంలోకి తెచ్చిన బెల్లం తాత చూడకుండా నోట్లో వేసుకున్న వైనం ముసలితనంలో కూడా చెప్పి నవ్వేవాడు.

పదిహేనో ఏట తాతతో నాగార్జునసాగర్ పనికి వెళ్ళాడు. ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, రాతికట్టడం. యంత్రాలకన్నా మనుషుల చేతులనే ఎక్కువ నమ్ముకుని కట్టారు. ఆడా మగా రాళ్ళూ, మాలూ మోసుకుంటూ పరంజాల మీద బారులుతీరి ఎక్కేవారట. నాన్న మొదట మాలు అందించే కుర్రాడు. తరవాత్తరవాత రాయి పేర్చడం పట్టుబడింది. "ఏ రాయికైనా కుదురుగా కూర్చునే పక్క ఒకటుంటుంది. అది దొరికేదాకా తిప్పుతూనే ఉండాలి" అనేవాడు.

సాగరు పని అయ్యాక బెజవాడ చేరి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళయింది, మేము పుట్టాం. అమ్మ కూడా ఆయనతోపాటే పనికి వెళ్ళేది. ఆయన పరంజా మీద, ఆమె కింద. ఇసుక జల్లించి, మాలు కలిపి, గమేళాతో పైకి అందించేది. మీరు ఏ కట్టుబడి దగ్గరైనా చూడండి, మోసేదీ కలిపేదీ తడిపేదీ ఆడవాళ్ళే. తాపీ మాత్రం వాళ్ళ చేతికి రాదు, మేస్త్రి కూలీ అంతకన్నా రాదు. గోడ వంపు అమ్మ కంటికే ముందు తెలిసేది. కిందనుంచి ఆమె "వాలింది" అంటే ఆయన గుండు వేలాడదీసి సరిచేసుకునేవాడు. అంత నమ్మినవాడు కూడా ఆమె చేతికి తాపీ ఇవ్వలేదు. నాన్న మీద నాకున్న కొరత అదొక్కటే.

ఇంట్లో మాత్రం తన పనిముట్లు నన్ను ముట్టుకోనిచ్చేవాడు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా పీటలన్నీ కొలిచేదాన్ని. నేను పైథాగరస్ సిద్ధాంతం వల్లెవేస్తుంటే విని, "దానికింత గోలెందుకే?" అని ముగ్గుపిండి తెమ్మన్నాడు. మూలనుంచి ఒకవైపు మూడడుగులకు, రెండోవైపు నాలుగడుగులకు గుర్తు పెట్టించాడు. "ఈ రెంటి నడుమ అయిదడుగులు వచ్చిందా, మూల సరిగ్గా ఉన్నట్టు" అన్నాడు. నేను పదో తరగతి లెక్కల్లో గట్టెక్కింది ఆ ముగ్గుతోనే!

ఇల్లు కట్టించుకునేవారు మీలో ఉంటే ఆయన మాట ఒకటి చెబుతాను. సిమెంటు ఎండి గట్టిపడుతుందనుకుంటాం. కాదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. అందుకే ఇటుకల్ని ముందే నానబెట్టాలి, లేకపోతే మాలులోని తడినంతా అవే పీల్చేస్తాయి. కట్టిన గోడను వారం రోజులకు తక్కువ కాకుండా తడపాలి, స్లాబుకు ఇంకా ఎక్కువ రోజులు నీళ్ళు నిలపాలి. కొనేటప్పుడు రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటించి చూడండి. ఖంగున మోగితే బాగా కాలినట్టు.

ఈ పట్టింపే ఒకసారి మా పొయ్యి మీదికి వచ్చింది. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. సిమెంటు మీద కంట్రోలు 1989లో గాని పూర్తిగా పోలేదు, ఇది దానికి ముందు మాట. పొద్దున కలిపిన మాలు కొంత భోజనాల వేళ దాటాక కూడా మిగిలిపోయింది. నాన్న పారబోయమన్నాడు. ఇంటాయన కాసిని నీళ్ళు చల్లి తిరగ కలపమన్నాడు. "బిగిసిన మాలు మళ్ళీ లేవదండీ" అన్నాడు నాన్న. మాటామాటా పెరిగింది. తాపీ కడుక్కుని వచ్చేశాడు. ఆ వారం కూలీ ఇద్దరిదీ పోయింది.

ఆ రాత్రి అమ్మ పక్కింట్లో బియ్యం బదులు తెచ్చింది. "నీ పంతం నెగ్గింది, పిల్లల కంచాల్లో ఏం పెట్టను?" అని అడిగింది. నాన్న బదులు చెప్పలేదు. తెల్లవారి మేస్త్రిననే మాట పక్కనపెట్టి, కూలీల అడ్డాలో నిలబడి మట్టి మొయ్యడానికి వెళ్ళాడు. చిన్నప్పుడు నాకు నాన్నదే న్యాయమనిపించేది. బియ్యం డబ్బా అడుగు చూసుకునే సంసారం వచ్చాక అమ్మ అడిగింది కూడా న్యాయమే అనిపిస్తోంది. మీరేమంటారో.

చివరి రోజుల్లో, ఆయన కట్టిన పాత ఇల్లొకటి అపార్టుమెంటు కోసం పడగొడుతున్నారని తెలిసింది. వద్దంటే వినకుండా నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు. ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. యంత్రం తోస్తుంటే గోడలో ఇటుక పగులుతోంది గాని అతుకు వీడడం లేదు. మధ్యాహ్నమైనా ముందుగది పూర్తికాలేదు. నాన్న మొహంలోకి చూశాను. ఏడుస్తాడేమో అనుకున్నాను, లేదు. ఒక ఇటుక ముక్క ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి అది అమ్మ చేతిలో పెట్టి, "చూడవే, అతుకు ఎలా పట్టిందో" అన్నాడు. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "మాలు కలిపింది నేను కాదూ?" అంది. "నువ్వే" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఏ వీధిలో ఏ ఇల్లు కట్టారో లెక్కపెట్టుకుంటూ చాలాసేపు మేలుకునే ఉన్నారు.